మూడో బొత్తాం

నాకున్న జబ్బుని బట్టి మా అక్క నాకు పెట్టిన పేరు ‘చెత్తల రాణి’. మధ్యాహ్నం ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఫోన్‌లో పాత వస్తువులమ్మే దుకాణాలు తిరగడమే ఆ జబ్బు. ఎవరో ఒకప్పుడు మోజుపడి కొనుక్కుని, మొహం మొత్తాక వదిలించుకున్నవన్నీ అక్కడ వరసగా నిలబడి ఉంటాయి. బాతు ఆకారంలో టెలిఫోను. తలకాయ తిప్పితే ఉప్పు రాలే పింగాణీ గుడ్లగూబ, దానికి ఒక కన్ను లేదు. కుడిచేతిది మాత్రమే మిగిలిన లేసు తొడుగు. మనిషి కన్నా ముందు భుజాలే తలుపులోంచి దూరేలాంటి జాకెట్లు. వీటిలో నేను కొనేది తక్కువ, వంక పెట్టేది ఎక్కువ.

వంక పెట్టడం నా ఉద్యోగం కూడా. కళ్ళద్దాల దుకాణంలో వెనక గది నాది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. వెంట్రుకవాసి గీత ఉన్నా నా కంటపడకుండా పోదు. అదే కన్నుతో ఈ దుకాణాల ఫోటోలు పెద్దవి చేసి చూస్తాను. ‘కొద్దిగా వాడినది’ అని రాశారంటే ఊపిరి పోయేదాకా వాడారని అర్థం. ‘ప్రత్యేకమైన రంగు’ అంటే ఎండకి వెలిసిపోయిందని.

బేరం మాత్రం నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. విడిభాగాల కోసం పాడైన రేడియోలు కొనేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. “నచ్చిందని మొహంలో తెలియనిచ్చావో, వాడు ధర దించడు. ముందు లోపాలు చెప్పు. చెప్పి చెప్పి అమ్మేవాడికే దానిమీద విరక్తి పుట్టించు. అప్పుడు, పోనీలే పాపం అన్నట్టు తీసుకో,” అనేవాడు. నేను ఇప్పటికీ అలాగే కొంటాను. ఒక్క మెచ్చుకోలు మాట నా నోటినుంచి రాదు.

ఆ రోజు ‘అటక మీద’ అనే దుకాణం చూస్తున్నాను. ఎక్కడో దూరంగా ఉండే ఒక పెద్దావిడ నడుపుతుందట. మా దుకాణంలో బిల్లులు రాసే కౌంటరమ్మ పక్కనే కూర్చుని తింటూ నా ఫోన్‌లోకి తొంగి చూస్తోంది.

“ఆ నీలం కోటు చూడండి, ఎంత దరిద్రంగా ఉందో,” అంది నవ్వుతూ.

చూశాను. ‘పనివాళ్ళ కోటు, పాతకాలంది, ముదురు నీలం. వాడకం జాడలున్నాయి. కాస్త పొగ వాసన.’ ఫోటో పెద్దది చేశాను. బొత్తాలన్నీ నల్లవి. మూడోది మాత్రం ఆకుపచ్చది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ బొత్తాం నా స్కూలు గౌనుది. చిన్నప్పుడు నాన్న కోటుకి మూడో బొత్తాం ఊడిపోతే, గౌను నుంచి ఒకటి కత్తిరించి నేనే కుట్టాను. నా జీవితంలో మొదటి కుట్టు అది. దారం చుట్టూ చుట్టి చుట్టి ముడి మీద ముడి వేసి, చూడ్డానికి బొత్తాం మెడకి గాయమై కట్టు కట్టినట్టుండేది. గౌనుకి బొత్తాం లేదని అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. నాన్న మాత్రం కోటు తొడుక్కుని, ఆ బొత్తాం పెట్టుకుని, అద్దంలో చూసుకున్నాడు. తర్వాత దాన్ని ఎవరినీ మార్చనివ్వలేదు. ఆయన పనిబల్ల ఉన్న గది ఎప్పుడూ చలిగా ఉండేది కాబట్టి రోజూ అదే కోటు. మోచేయి చిరిగితే అమ్మ తన పాత పూల జాకెట్టు ముక్కతో అతుకు వేసింది. ఎడమ చేతి అంచు మీద టంకం చుక్కలు పడి కాలిన మచ్చలు. లోపల సన్నగా, పొడుగ్గా ఒక జేబు, స్క్రూడ్రైవర్ పెట్టుకోవడానికి అమ్మ కుట్టింది. ఊళ్ళోవాళ్ళ రేడియోలన్నీ బాగుచేసిన మనిషి తన చేతి పని ఒక్కటీ ఇంట్లో ఉంచుకోలేదు. అమ్మ ముందే పోయింది. వాళ్ళిద్దరి చేతులూ కలిసి కనిపించే వస్తువు ఈ లోకంలో ఆ కోటు ఒక్కటే.

నాన్న చివరి రోజుల్లో అక్క దగ్గర ఉన్నాడు. పోయాక, “ఏమీ వద్దు నాకు, ఆ కోటు ఒక్కటి ఉంచు,” అని అక్కకి చెప్పాను. గది ఖాళీ చేసేటప్పుడు బట్టల మూటలన్నీ పాతబట్టల బండివాడికి ఇచ్చేసింది. అడిగితే, “మరిచిపోయానే,” అంది. చీమ కుట్టినట్టు కూడా లేదు ఆ మొహంలో. అప్పట్నించీ మా ఇద్దరి మధ్య మాటల్ని బావ అటూ ఇటూ మోస్తున్నాడు.

వెంటనే కొనేయవచ్చు. ధర కూడా పెద్దదేం కాదు. కానీ అలవాటు అలాంటిది. పైగా, నాకు అది కావాలని ఆ పెద్దావిడకి తెలిస్తే ఇంకేమైనా ఉందా, ఆశ పుట్టి వెనక్కి లాక్కుంటుందేమోనని భయం. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఇలా మెసేజు రాశాను.

“మీ నీలం కోటు చూశాను. మూడో బొత్తాం వేరే రంగుది, కుట్టినవాళ్ళు కళ్ళు మూసుకుని కుట్టినట్టున్నారు. మోచేతి మీద అతుకు పూలగుడ్డ, కోటుకీ దానికీ పొంతనే లేదు. చేతి అంచంతా కాలిన మచ్చలు. లోపల ఒక పిచ్చి జేబు, వేలు కూడా సరిగ్గా దూరదు. వాసన సంగతి మీరే రాశారు. ఇలాంటిది ఒంటిమీద వేసుకునేదెవరు? తగ్గిస్తే ఆలోచిస్తాను.”

రాసి, ఒకసారి చదువుకుని, నాన్న ఉంటే భుజం తట్టేవాడు అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాననిపిస్తుంది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. “నమస్కారమమ్మా. ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు మీరొక్కరే. మీరు చెప్పినవన్నీ నిజమే. ధర తగ్గిస్తున్నాం. పంపడానికి కాస్త సమయం ఇవ్వండి, మీరు సంతోషపడేలా పంపిస్తాం.” అమ్మేవాళ్ళందరూ ఇలాంటి చక్కెర పూత పూస్తూనే ఉంటారని నేను పట్టించుకోలేదు. డబ్బు కట్టగానే ఆ కోటు ఫోటోలు దుకాణంలోంచి మాయమయ్యాయి. అసలు వస్తువే వస్తుంటే ఫోటోలెందుకని నేను దాచుకోనూ లేదు. చంకలు గుద్దుకుంటూ ఇంటికెళ్ళాను.

ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. బావతో చెప్పించకుండా నేరుగా అక్కకే ఫోన్ చేశాను.

“దొరికింది,” అన్నాను.

“ఏం దొరికింది?”

“నువ్వు పారేసిన నాన్న కోటు. ఎవరో అమ్ముతుంటే కొన్నాను.”

“అయితే ఏం చెయ్యమంటావు? దండ వెయ్యనా?” అంది.

“ఏం చెయ్యక్కర్లేదు. తెచ్చి నీ కళ్ళముందు పెడతాను. చూద్దువుగాని.”

“నీకు బొత్తాలూ అతుకులూ కనిపిస్తాయే. ఆయన్ని చూసుకున్నది నేను. నాకు మురికి కనిపిస్తుంది, అంతే. తీసుకురా, చూస్తాను,” అని పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

రోజులు గడుస్తున్నాయి, పార్సిల్ రాదు. ఈలోగా తలుపు పక్కన కొక్కెం ఖాళీ చేశాను. నా గొడుగులూ సంచులూ మంచం మీదకి చేరాయి. కోటు ఉతకకూడదని, కనీసం దులపకూడదని ముందే నిర్ణయించుకున్నాను. పొగ వాసన అంటే టంకం వాసన, నాన్న వాసన. అది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండాలి.

చివరికి పార్సిల్ మా కళ్ళద్దాల దుకాణానికే వచ్చింది. కౌంటరమ్మ కత్తెర పట్టుకొచ్చింది. టేపు కత్తిరించగానే పూల పరిమళం గుప్పుమంది. సబ్బు పొడి వాసన.

కోటు బయటకి తీశాను. ఇస్త్రీ మడత నిక్కబొడుచుకుని ఉంది. బొత్తాలన్నీ నల్లవి, ఒకదాన్ని చూసి ఒకటి పోసినట్టు. మోచేయి దగ్గర పూలగుడ్డ లేదు. అదే నీలం రంగు గుడ్డతో, ఎక్కడ అతికారో నా కంటికే దొరకనంత నేర్పుగా కలిపేశారు. చేతి అంచు లోపలికి మడిచి కుట్టడంతో కాలిన మచ్చలు పోయాయి. లోపల చెయ్యి పెట్టి తడిమాను. సన్నటి జేబు ఉండాల్సిన చోట నున్నటి అస్తరు తగిలింది. పైన ఒక చీటీ పిన్ను చేసి ఉంది. ‘మీరు ఎత్తి చూపిన లోపాలన్నీ సరిచేశాం. దీనికి అదనంగా ఏమీ తీసుకోవడం లేదు.’

“అబ్బ, కొత్తదానిలా చేసిచ్చారండీ. మీరు భలే రాబడతారు,” అంది కౌంటరమ్మ.

వెనక గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, చీటీ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. పెద్దావిడే ఎత్తింది.

“నచ్చిందామ్మా?” అంది. ఆ గొంతులో సంతోషం వింటే ఎవరికీ తిట్టబుద్ధి కాదు. “మా ఆయన దర్జీ. కళ్ళు సరిగ్గా కనపడక పని మానేశాడు గానీ చేతి నేర్పు పోలేదు. మీ మెసేజు చదివి వినిపిస్తే, ఇంత బాధపడి రాశారు, దీన్ని నేనే బాగుచేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ మోచేతి అతుకు విప్పడానికే చచ్చాడు. ఎవరు కుట్టారో గానీ ఒక పట్టాన ఊడి రాలేదు.”

మా అమ్మ కుట్టిందండీ అని నోటిదాకా వచ్చింది.

“ఆ ఆకుపచ్చ బొత్తాం ఉందాండీ?” అని అడిగాను.

“అదెందుకమ్మా? అతుకు ముక్కా అదీ చెత్తలో పడేశాం. చెత్తబండి కూడా వెళ్ళిపోయింది.” మళ్ళీ తనే, “దానికేమైనా విలువ ఉందా?” అంది.

“లేదండీ,” అన్నాను. ఇంకేమంటాను? వాళ్ళు నా మాట నమ్మారు. నేను ఏవి లోపాలన్నానో అవే తీసేశారు. మీ ఆయనకి కృతజ్ఞతలు చెప్పండి అని ఫోన్ పెట్టేశాను. తర్వాత ఎవరివో కళ్ళద్దాలు బిగించబోయి అద్దం పగలగొట్టాను.

కోటు కొక్కేనికి తగిలించడానికి మనసొప్పలేదు. అలాగని దాచేస్తే, తేలేక నోరు మూసుకుందని అక్క అనుకుంటుంది. ఆ పట్టుదల ఒక్కటే మిగిలింది నాకు. సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన బావ నన్నూ సంచినీ ఎగాదిగా చూసి, పక్కకి తప్పుకున్నాడు. అక్క గచ్చు మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. కోటు ఆమె ముందు పెట్టాను.

అక్క దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ముందు మూడో బొత్తాం దగ్గరికే వెళ్ళింది ఆమె చెయ్యి. దాన్ని వేళ్ళతో తిప్పి చూసింది. మోచేయి చూసింది. లోపల తడిమింది.

“ఇది నాన్నది కాదు,” అంది.

“నాన్నదే.”

“నాన్న కోటుకి మూడో బొత్తాం ఆకుపచ్చది. నువ్వు కుట్టిన పిచ్చి బొత్తాం. నాకు తెలీదనుకున్నావా? ఉతికిన ప్రతిసారీ, దారం ఊడిపోతుందేమోనని అది గుప్పిట్లో పట్టుకుని ఉతికేదాన్ని. ఊడితే మళ్ళీ ఆయన మొహం చూడలేక.”

గుమ్మం దగ్గరున్న బావ నేలచూపులు చూస్తున్నాడు.

“మరిచిపోయి ఇవ్వలేదు నేను. కావాలనే ఇచ్చేశాను,” అంది అక్క, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతూ. “తినిపించేదాన్ని నేను, తుడిచేదాన్ని నేను. ఆయన ఆ బొత్తాం మీద వేలు పెట్టుకుని నీ కబుర్లు చెప్పేవాడు. కుట్టావని అది కూడా నీకే ఇవ్వాలంటే నా వల్ల కాలేదు. ఇచ్చేశాక బండివాడి కోసం వీధులన్నీ తిరిగాను. కనపడలేదు.” కోటు నా వైపు తోసింది. “నిన్నెవరో మోసం చేశారు. తీసుకుపో.”

సరే అనేసి వచ్చేయవచ్చు. మోసపోయానని ఒప్పుకుంటే అయిపోయేది, నాన్న కోటు ఎక్కడో ఎవరి ఒంటిమీదో బొత్తాంతో సహా బతికుందని అక్క అనుకునేది. కానీ ఆమె అలా నమ్మి కూర్చుంటే, జరిగింది నాకొక్కదానికే తెలిసి ఉండటం నేను భరించలేకపోయాను. ఫోన్ తీసి ఆ మెసేజు పైకి చదివాను. వేరే రంగు బొత్తాం, కళ్ళు మూసుకుని కుట్టిన తీరు, పొంతన లేని పూలగుడ్డ, కాలిన మచ్చలు, వేలు దూరని జేబు, వాసన.

వింటూ వింటూ అక్క కళ్ళు మూసుకుంది. అమ్మ అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి తనకి తెలియకుండానే తన మోచేతి మీదకి పోయింది.

“అదే,” అంది. “అదే కోటు. చూసినట్టే రాశారు.” తర్వాత కళ్ళు తెరిచింది. “ఎవరే ఇంత అసహ్యంగా రాసింది?”

“నేనే. బేరం కోసం. ఇవే లోపాలని వాళ్ళు అన్నీ బాగుచేసి పంపారు.”

అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కోటు మళ్ళీ దగ్గరికి లాక్కుని, చేతులు వెనక్కి మడిచి, మిగతా బట్టల్ని మడిచినట్టే దాన్నీ మడిచి, నా సంచిలో పెట్టింది.

“తీసుకుపో,” అంది. “శుభ్రంగా ఉంది.”