మంగ చుట్టిన బాబిన్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అశోక్‌నగర్ గల్లీలో నా కుట్టు దుకాణానికి వచ్చే హాస్టల్ పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. బేరమాడరు, తొందరపెట్టరు. నాకు భయపడనిది ఒక్క మా చెల్లెలు మంగే. అది చనిపోయి రెండేళ్లయినా నా మిషన్‌లో దూరి నన్ను సతాయిస్తోందని మొన్నటిదాకా నమ్మాను.

మాది కాలితో తొక్కే పాత మిషన్. సూదిలో దారం ఎవరైనా ఎక్కిస్తారు, పనితనమంతా కింది దారం చుట్టే బాబిన్ దగ్గర తెలుస్తుంది. చక్రం పక్కనున్న చిన్న కడ్డీకి దాన్ని తగిలించి, దారాన్ని వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని, సమంగా చుట్టాలి. ఎక్కడైనా ఉబ్బితే, కింద డబ్బీలో తిరిగినప్పుడల్లా పట్టేసి ఠక్కుమంటుంది. కుట్టు ఒకచోట బిగుస్తుంది, ఒకచోట వదులవుతుంది.

ఆ రోజు మంగ లేత నీలం దారం చుట్టింది. మిషన్ ఠక్, ఠక్ అంది. కుట్టు పాడైంది. దుకాణంలో నలుగురున్నారన్న సోయి కూడా లేకుండా దాన్ని దులిపేశాను. మూడేళ్లుగా నేర్పుతున్నా ఒక్క బాబిన్ చుట్టరాలేదన్నాను.

"అక్కా, జర ఇను, దాని కింద..." అంది మంగ.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ సంగతి అని నోరు మూయించాను. అప్పటికీ నా కోపం తీరలేదు.

"నా కండ్ల ముంగట ఉండకు, పో."

పోయింది. నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే బండి గుద్దింది. చీకటి పడకముందే ప్రాణం పోయింది.

ఆ బాబిన్‌ని నేను ఖాళీ చేయలేదు. మంగ దారం మీదే నల్ల దారం చుట్టుకుని కుడుతూ వచ్చాను. అడుగున నీలం కనబడగానే ఆపి, మళ్లీ నలుపు చుట్టేదాన్ని. చూసేవాళ్లకు వింతేమీ కాదు, జానెడు దారం కూడా పారేయకుండా పాతదాని మీదే కొత్తది చుట్టడం నాకు మొదటినుంచీ అలవాటే. కానీ ఆ చప్పుడు పోలేదు. మధ్యాహ్నం గల్లీ సద్దుమణిగాక మరీ గట్టిగా వినబడేది. పక్కన మంగ స్టూలు మీద ఎవరో కూర్చుని నా చేతుల వంకే చూస్తున్నట్టుండేది. తల తిప్పాలంటే భయం. తిప్పకుండానే "ఊకోవే" అని కసిరేదాన్ని. ఆ స్టూలు మీద ఎవరినీ కూర్చోనిచ్చేదాన్ని కాదు.

ముషీరాబాద్ నుంచి మెకానిక్ పీరయ్య వచ్చి మిషనంతా విప్పి చూశాడు. మిషన్‌లో ఏ లోపమూ లేదు, ఆ బాబిన్ మీది దారమంతా తీసి పారేయమన్నాడు. వెళ్లి నీ పని చూసుకోమన్నాను.

మొన్న సోమవారం పొద్దున ఎనిమిదింటికి స్నేహలత వచ్చింది. జనగామ దగ్గరి పల్లె పిల్ల, పక్క హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తొమ్మిదిన్నరకు హిమాయత్‌నగర్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. లేత నీలం చున్నీ హాస్టల్ గేటుకు పట్టి అంచు చిరిగిపోయింది. ఆ పిల్లకున్న మంచి డ్రెస్సు అదొక్కటే. చిరిగినమేర కత్తిరించి మడిచి కుట్టాలి. పల్చటి బట్ట, కుట్టు రెండు వైపులా కనబడుతుంది. నా దగ్గర ఆ రంగు రీలులో పై దారానికి సరిపడా మాత్రమే ఉంది, కింద బాబిన్‌కి చాలదు. దారాల షాపులు పదికి గానీ తెరవరు.

కుదరదన్నాను.  ఆ పిల్ల పోయి మంగ స్టూలు మీద కూర్చుని చున్నీలో మొహం దాచుకుంది. లెమ్మని కసరబోయాను. నోరు రాలేదు. మంగ వయసే.

నల్ల దారమంతా లాగి కింద పడేశాను. నీలం బయటపడింది. బాబిన్‌ని డబ్బీలో పెట్టి, దారాన్ని సందులోంచి లాగి, కిందకు ఎక్కించాను. చక్రం చేత్తో ఒకసారి తిప్పితే సూది కిందికి దిగి మంగ దారాన్ని పైకి తెచ్చింది.  తొక్కుతుంటే ఠక్, ఠక్. ప్రతి చప్పుడుకూ మంగ నానుంచి కొంచెం కొంచెంగా దూరమైపోతున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది. అయినా చివరిదాకా కుట్టాను. స్నేహలత చున్నీ వేసుకుని పరుగెత్తింది.

బాబిన్ బయటికి తీశాను. ఇంకా నాలుగైదు చుట్లు నీలం ఉంది, ఒకదాని పక్కన ఒకటి సమంగా. వాటిని విప్పితే అడుగున పసుపు దారం ముడులు పడి ఒక పక్కకు ఉండకట్టి ఉంది.

ఆ పసుపు నాది. మంగ పోయిన రోజు పొద్దున హడావిడిగా ఒక జాకెట్టు కుడుతూ, దారం తెగినప్పుడల్లా ముడేసి చుట్టినది. పాత దారం కత్తిరించొద్దని నేనే నేర్పాను కనుక మంగ దాని మీదే చుట్టింది. చక్కగా చుట్టింది. నా కంటే చక్కగా చుట్టింది.

పసుపు దారాన్ని బ్లేడుతో కోసేసి, ఖాళీ బాబిన్‌కి కొత్త దారం చుట్టి ఎక్కించాను. తొక్కాను. చప్పుడు లేదు. ఆగి, చెవి ఒగ్గి, మళ్లీ తొక్కాను. మిషన్ మెత్తగా తిరుగుతోంది. తల తిప్పి స్టూలు వైపు చూశాను. రెండేళ్లు నేను పోట్లాడుతూ వచ్చింది నా ముడితోనే. మంగ నేను పొమ్మన్న రోజే వెళ్లిపోయింది.