ఉప్పు చల్లిన ఐసు

నౌపడ ఉప్పుమడుల మనిషి ఎవరింటికి వెళ్లినా ఉత్త చేతులతో వెళ్లడు, మూటెడు ఉప్పు పట్టుకెళ్తాడు. సోములు కూడా ఆమదాలవలసలో ఉన్న చెల్లెలికని తెచ్చాడు గానీ, ఇచ్చే తీరికెక్కడిది? కూతురు గురమ్మకు కంఠసర్పి. గొంతు పూడుకుపోయి ఊపిరి ఈల వేస్తోంది. నౌపడ డాక్టరు దగ్గర మందు లేదు, శ్రీకాకుళం నుంచి తెమ్మన్నాడు. అక్కడ రెండు గాజుబుడ్లు దూదిలో చుట్టి, రేకుడబ్బాలో ఐసుముక్కల మధ్య పెట్టి ఇచ్చారు. వేడి తగిలితే పనికిరాదని మరీమరీ చెప్పారు.

నౌపడకు తిరిగెళ్లే రైలుబండి తిలారు దాటేసరికి డబ్బాలో సగం నీళ్లే. నీళ్లుంటే మిగతా ఐసూ కరిగిపోతుందనుకున్నాడు సోములు. నీళ్లన్నీ కిటికీలోంచి పారబోశాడు. కాసేపటికి చూస్తే మళ్లీ నీళ్లు. చేపను చెడిపోకుండా కాపాడేది ఏమిటి? ఉప్పే కదా! అతని ఇంటిల్లిపాదికీ తెలిసిన కాపుదల అదొక్కటే. మూట విప్పి గుప్పెళ్లతో ఐసు మీద చల్లాడు.

ఇంకేముంది, డబ్బా చేతులు కొరికేంత చల్లబడింది. పైనున్న చెమ్మ తెల్లగా పేరుకుని గట్టిపడింది. సోములు ముఖం విప్పారింది.

"సూసినావా అమ్మా, ఉప్పు మనల్ని మోసం సెయ్యదు" అన్నాడు ఎదుట కూర్చున్నావిడతో.

ఆవిడ దేవమణి, మిషను బడిలో సైన్సు టీచరు. ఆ తెలుపు చూసి ఉలిక్కిపడింది.

"ఏటి సేసినావయ్యా? లోపలేటున్నాది?"

చెప్పాడు. నీళ్లు పారబోసిన సంగతి కూడా చెప్పాడు.

"బేగి తియ్యి! మందు గడ్డకట్టేస్తాది, బుడ్డి పగిలిపోతాది!"

సోములు డబ్బాను కడుపుకు కరుచుకున్నాడు. "ముట్టుకోకమ్మా. నా పిల్ల పేణం ఇందులో ఉన్నాది."

"అందుకే సెప్తన్నాను. ఐసూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపూ సల్లదనం ఒక్క తీరునే ఉంటాది. నువ్వు పారబోసిన నీళ్లే మందుని కాసినాయి. ఉప్పేస్తే ఐసు ఇంకా బేగి కరుగుతాది, కరుగుతూ మరీ సల్లబడిపోతాది."

డబ్బాలో టిక్కుమని చిన్న చప్పుడైంది.

సోములు మూత పీకేశాడు. రేకుకు ఆనుకున్న బుడ్డి నిలువునా చీలింది. అందులో మందు తెల్లటి గడ్డ. దూది మధ్యలో ఉన్న రెండోదాన్ని దేవమణి వెలుగుకు పట్టి వంచింది. మందు కదిలింది. ఇంకా నీరుగానే ఉంది.

ఉప్పు తగలని ఐసు ఇక లేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. దేవమణి తన మరచెంబులో నీళ్లతో సోములు తువ్వాలు తడిపి, బుడ్డికి చుట్టి అతని చేతికిచ్చింది.

"కిటికీ గాలికి పట్టుకో. తడి ఆరుతూ వేడిని పట్టుకుపోతాది. పూర్తిగా ఆరనీకు."

మడుల్లో నీళ్లు గాలికి ఎగిరిపోవడం పుట్టినప్పటి నుంచీ చూసినవాడే. అవి వేడిని మోసుకుపోతాయని అతనికెవరు చెప్పారు గనక! మిగిలిన ఒక్క బుడ్డినీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. బండి కుదిపినప్పుడల్లా ప్రాణం పైకి లేచేది. చెంబు ఖాళీ అయితే కోటబొమ్మాళిలో దేవమణి పరుగెత్తి నింపుకొచ్చింది.

నౌపడలో డాక్టరు తువ్వాలు విప్పి బుడ్డిని తాకి చూశాడు. "చల్లగానే ఉంది. రెండోదేదీ?"

సోములు రేకుడబ్బా ముందుకు తోశాడు. ఉన్నదాంతోనే డాక్టరు సూది వేశాడు.

మర్నాటి దాకా సోములూ, భార్య తవిటమ్మా ఆ ఈల వింటూ కూర్చున్నారు. పొద్దెక్కాక అది పలచబడింది. గురమ్మ కళ్లు తెరిచింది.

"అయ్యా, ఊర్నించి నాకేటి తెచ్చినావు?"

జ్వరానికి పిల్ల నుదుటి మీద తడిపి తడిపి వేసిన తువ్వాలు తప్ప సోములు చేతిలో ఇంకేమీ లేదు. దాంట్లోనే ముఖం దాచుకుని బావురుమన్నాడు.