వెండి వీరగల్లు

బంగారు పని చేసేవాళ్ల ఇంట్లో ఊడ్చిన దుమ్ము వీధిలోకి పోదు. పొద్దున్నే సరస్వతి చేసే మొదటి పని అదే. భర్త గురునాథాచారి కూర్చునే పీట చుట్టూ, కుంపటి కింద, గోనెపట్టా మడతల్లో చేరిన దుమ్మునంతా మెత్తటి కుంచెతో చేటలోకి దువ్వి, పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని నీళ్లలో కడిగి, మళ్లీ కడిగి, చివరికి గిన్నె అడుగున మిగిలిన రవ్వంత పసుపు మెరుపును గుడ్డలో ఒత్తి ఆయనకు అప్పగించాలి. లేచేసరికి నడుము పట్టేసేది. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనలేదు. ఊడ్చడం అన్నారు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గురునాథాచారికి మంచి పేరుంది. ఆయన చేసే గండికోట హారం కావాలని అనంతపురం నుంచి కూడా వచ్చేవాళ్లు. ముక్కుతో తామరతూడు పట్టుకున్న హంసలు, కంకణాల మీద నోరు తెరిచిన సింహపు తలల యాళులు, వడ్డాణం పొడుగునా పాకే లతలు. "ఏం చేయప్పా నీది" అని వాళ్లంటే ఆచారి తల వంచుకుని నవ్వేవాడు. అబద్ధం చెప్పేవాడు కాదు. నిజమూ చెప్పేవాడు కాదు.

ఆ హంసలు సరస్వతివి. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. తండ్రి వీరాచారి దేవుళ్లకు కిరీటాలు, కవచాలు చేసేవాడు. ఎనిమిదేళ్ల కూతురిని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని గండికోటకు తీసుకుపోయి, గుడి స్తంభం మీద పలుచని కాగితం పరిచి, బొగ్గుతో మెల్లగా రుద్దమనేవాడు. రాతిలో దాక్కున్న హంస కాగితం మీదికి వచ్చేది. ఆ కాగితాల చుట్ట పెళ్లినాడు చీరల కింద పెట్టెలో ఆమెతో పాటు ఈ ఇంటికి వచ్చింది. మొదటి ఏడాది ఆచారి వాటిని చూసి, "బాగుండాయే, ఒకటి గీసీ" అన్నాడు. గీసిచ్చింది. తర్వాత వెనక గదిలో లక్క పలక ముందర కూర్చుని, సన్నటి ఉలులతో నగిషీ కూడా తనే చెక్కడం మొదలుపెట్టింది. ముందు గదిలోకి మాత్రం రాకూడదు. కుంపటి జోలికి అసలే పోకూడదు. "కరిగించే మూస ముందర ఆడది కూచుంటే లోహం చీదరించుకుంటాది" అని అత్తగారు బతికున్నన్నాళ్లూ అనేది. "ముగ్గులేసే చేయి, గీతలొస్తాయి. దానికేముంది" అని కూడా అనేది. అత్తగారు పోయి ఆరేళ్లయింది. ఆ మాటలు మాత్రం తలుపు పక్కన పాత చీపురులా అక్కడే ఉండిపోయాయి. ఆచారి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. పగలంతా వచ్చినవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లోకి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. కూతురు అత్తవారింటికి వెళ్లిపోయాక సరస్వతికి రోజు మొత్తమ్మీద వినిపించే మాటలు నాలుగైదు. అన్నం పెట్టు. ఆ హారం అయిందా. తలుపు వేసుకో. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడేది.

అది ఎన్నికల సంవత్సరం. వీధిలో జీపు ఆగితే అంగళ్లవాళ్లు ఎవరి జీపో చూసిగాని తల ఎత్తేవాళ్లు కాదు. ఆ రోజు కృష్ణయ్య వచ్చాడు. జమ్మలమడుగు పక్క తమ నాయకుడి తరఫున పార్టీ పనులన్నీ నడిపే మనిషి. వెంట వచ్చినవాళ్లు భుజాల మీద తువ్వాళ్లు కప్పుకుని అరుగు మీద నిలబడ్డారు. వెనక గదిలో సరస్వతి ఉలి ఆపింది.

"మా అన్న మనసులో ఒకటుంది ఆచారీ" అన్నాడు కృష్ణయ్య. "పార్టీ కోసరం పోయినోళ్లు పదకొండు మంది. వాళ్ల పెండ్లాలకు సభలో ఏదన్నా ఇయ్యాల. శాలువలు, స్టీలు సామాన్లు అందురూ ఇస్తాండారు. మనమిచ్చేది చూస్తే సీమ పౌరుషం కనపడాల. మైలవరం పక్కన చేలో పాతకాలం రాయుండాది. కత్తి పట్టుకున్న మొగోడు, పక్కన పైకెత్తిన ఆడమనిషి చేయి. గాజులు గూడా ఉండాయి. అదే వెండిలో దింపు. వెనక మా అన్న పేరు, పార్టీ గుర్తు."

"చేస్తానప్పా" అన్నాడు ఆచారి. కాదనే మాట ఆ ఊళ్లో ఎవరికీ ఉండదు.

జీపు పోయాక లోపలికి వచ్చి, "రేపు జీపొస్తాది, కాగితాలు తీసుకో. నేను రాయి చూస్తాన్నట్టు ఉంటా, నువ్వు దించుకో" అన్నాడు.

రాయి జొన్నచేలో ఒక గట్టున వాలి ఉంది. యుద్ధంలో పోయినవాడికి నిలిపిన నడుమెత్తు వీరగల్లు. కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు మోకరించిన వీరుడు. పక్కన మోచేతి వరకు ఒక చేయి. ముఖం లేదు, ఒళ్లు లేదు. గాజులున్న చేయి మాత్రమే. మగవాళ్లు చెట్టు నీడన బీడీలు వెలిగించుకుంటే సరస్వతి కాగితం పరిచి బొగ్గు తీసింది. ఎన్నో ఏళ్ల తర్వాత రాయి ముందు కూర్చుంది. చేతి వేళ్లు వాటంతటవే కదిలాయి. కాసేపటికి వెనక గొర్రెల మెడగంటలు వినిపించాయి.

"ఏం చేస్తాండావక్కా రాయికి?"

ముప్పై దాటని మనిషి. నుదుట బొట్టు లేదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. పేరు అంకమ్మ అని, పోయిన ఎండాకాలం బస్టాపు దగ్గర బాంబులేసి చంపిన వెంకటేశు ఆమె మొగుడే అని మాటల్లో తెలిసింది.

"బొమ్మ దించుకుంటాండా" అంది సరస్వతి.

"ఈ చేయి ఎవురిది?"

"ఆ వీరుని పెండ్లాందంట. మొగుడు యుద్ధంలో పోతే చితిలోకి పోయినామె."

"పేరేంది ఆయమ్మది?"

సరస్వతి కింద ఉన్న పాత అక్షరాలను వేలితో తడిమింది. తండ్రి కొన్ని గుర్తులు నేర్పాడు. "ఆయప్పది రాసినారు. ఆమెది ల్యా" అంది.

అంకమ్మ ఆ రాతిగాజుల వైపు కాసేపు చూసింది. "పోనీలే, ఆయమ్మ నయం. సభకు రా అని మళ్లా ఎవురూ పిలవరు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. తర్వాత గొర్రెలను అదిలిస్తూ, సరస్వతికి మాత్రమే వినపడేలా చెప్పింది. వాళ్లమ్మది పులివెందుల అవతలి పల్లె. అక్కడ ఎదుటి పార్టీ వాళ్లుంటారు. మొగుడు పోయిన నెలకే అమ్మ దగ్గరికి పోతానంది. వెంకటేశు పెండ్లాం ఆ పక్కకు పోయిందంటే మన పరువేం గావాల అన్నారు పార్టీవాళ్లు. మంద మరిది చేతిలోకి పోయింది. మేపే పని మాత్రం ఆమెకు మిగిలింది. "ఎన్నికలు కానీ, చూద్దాం అంటాండారు. ఇది అయినాక ఇంకోటి రాదా అక్కా?"

"ఏం అంకమ్మా, ఈడేం పని?" అని కృష్ణయ్య చెట్టు కింద నుంచే అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆమె మందను తోలుకుని పోయింది.

మందమైన వెండి రేకుల మీద పదకొండు పలకలు. నెల రోజులు సరస్వతి వెనక గదిలోంచి వంటకు తప్ప లేవలేదు. గుర్రాలు, కత్తులు, అప్సరసలు చేతికి తేలిగ్గానే వచ్చాయి. చేయి దగ్గర ఆగిపోయేది. రాతి మీద అది అరిగిపోయి ఉంది, వేళ్లు కలిసిపోయాయి. చివరికి తన ఎడమ చేతినే పైకెత్తి, కిటికీ వెలుగులో చూసుకుంటూ చెక్కింది. ఉలి తగిలి వంకరైన చూపుడు వేలు, లక్క కాలిన మచ్చ, గాజులు ఒరుసుకున్న మణికట్టు. చెక్కుతున్నంతసేపూ ఎవరో తనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆ చేతిని చూడగానే అది పనిచేసిన చేయి అని తెలుస్తుంది. తన బతుకులో అంత బాగా మరేదీ చెక్కలేదని ఆమెకు తెలుసు. చెప్పడానికి మనిషి లేడు. ఆచారి ఒక పలకను ఎత్తి చాలాసేపు చూశాడు. ఆ వంకర వేలును చూశాడు. ఆయనకు తెలియకుండా ఉండదు. ఏదన్నా అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. "మెరుగు పెడితే ఇంకా బాగుంటాది" అని పట్టుకుపోయాడు.

సభ జమ్మలమడుగులో. ఆడవాళ్ల వైపు తాడు కట్టిన చోట ఎండలో కూర్చుంది సరస్వతి. ఆచారిని వేదిక మీదికి పిలిచి, గండికోట రాళ్లకు ప్రాణం పోసిన చేయి ఇదేనని మైకులో చెప్పి శాలువా కప్పారు. పక్కనున్న ముసలామె మోచేత్తో పొడిచి, "మీ ఆయనేనా? అదృష్టవంతురాలివే తల్లీ" అంది. సరస్వతి తల ఊపింది. తర్వాత పదకొండు మంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టి పలకలు ఇచ్చారు. పలక పైకెత్తి చూపించమన్నారు. ఎత్తారు. అంకమ్మ మాత్రం పొట్టకు అదుముకుని అట్లాగే నిలబడింది. వెనక నుంచి కృష్ణయ్య వచ్చి ఆమె మోచేయి పట్టుకుని పైకి లేపాడు. జనం ఈలలు వేశారు.

గాజుల్లేని ఆ చేయి అంత ఎత్తున కనిపించగానే సరస్వతి తన ఎడమ చేతిని కొంగు కింద దాచుకుంది. ఎట్లా ఎత్తాలో వాళ్లకు చూపించింది తనే. ముఖం అక్కర్లేదు, మాట అక్కర్లేదు, చేయి ఒక్కటి చాలని రాతిలో ఉన్నదాన్ని తీసుకొచ్చి వెండిలో చెక్కి, తన చేతి అందమంతా దానికిచ్చి, ఆ పిల్ల మెడకు కట్టింది తనే. తనకు పేరు లేదని ఇన్నాళ్లూ ఏడ్చింది. పేరు లేని ఆ చేయి ఏం పని చేసిందో ఇప్పుడు చూసింది.

రెండు వారాలకు, మిట్టమధ్యాహ్నం, ఆచారి ఏదో పెళ్లి సొమ్ములు ఇవ్వడానికి జమ్మలమడుగు పోయిన రోజు, అంకమ్మ తలుపు కొట్టింది. తలమీద ఆకుకూర గంప. గంపలో తువ్వాలు. తువ్వాల్లో పలక.

"రెండంగళ్లకు పోయినానక్కా. వెనక గుర్తు చూసి ముట్టుకోలా. ముద్ద చేసిస్తావా? ముద్దయితే ఎవురిదో ఎవురికీ తెల్దు. యాడన్నా అమ్ముకుంటా."

"ఆయన ల్యాడు. రేపు రా."

"రేపటికి నేనుండను. మూడింటికి పులివెందుల బస్సు. సంతకని చెప్పొచ్చినా."

సరస్వతి వీధి తలుపు గడియ వేసింది. ముందు గదిలోకి వచ్చి, ఇరవై రెండేళ్లుగా చుట్టూ ఊడుస్తూ వచ్చిన పీట మీద మొదటిసారి కూర్చుంది. చెయ్యడం తెలియక కాదు. చూసీ చూసీ ఆ పనంతా కళ్లలో ఉంది. బొగ్గులు పేర్చి అంటించింది. తిత్తి లాగింది. కత్తెరతో పలకను ముక్కలు చేసింది. గుర్రం పోయింది, వీరుడు పోయాడు, పార్టీ గుర్తు రెండుగా తెగింది. చేయి దగ్గరికి వచ్చేసరికి కత్తెర ఆగింది.

"అది ఉంచుకోరాదాక్కా" అంది అంకమ్మ మెల్లగా. "శానా బాగుండాది."

"నీ తూకం తగ్గుతాది" అంది సరస్వతి. కత్తిరించలేదు. చేతిని చేతిగానే మూసలో వేసి, తేలిగ్గా కరగడానికి పైన చిటికెడు వెలిగారం చల్లింది. వేళ్లు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత వంగాయి, తర్వాత అన్నీ ఒకటై నీళ్లలా తిరగడం మొదలుపెట్టాయి. లోహం ఎవరినీ చీదరించుకోలేదు. పట్టకారుతో మూసను ఎత్తి అచ్చులో పోసింది. ముద్ద నీళ్లలో బుసకొట్టి చల్లారింది.

అంకమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, బొడ్లో దోపుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "నీ పేరేందక్కా? ఎవుర్ని అడిగినా ఆచారి పెండ్లాం అంటాండారు."

"సరస్వతి."

"పోయొస్తా సరస్వతక్కా" అని, ముద్దనూరు మీదుగా పోయే బస్సు కోసం ఎండలో గబగబా నడిచిపోయింది. వీధి మలుపు వరకు సరస్వతి గుమ్మంలోనే నిలబడి చూసింది. లోపలికి వచ్చాక ఇల్లు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. భయం అప్పుడు వచ్చింది. బావి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది. వాటిని తుడుచుకోకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఆచారి వచ్చి పీట మీద కూర్చోబోయి ఆగాడు. కుంపటి మీద అరచేయి ఆడించాడు. మూస ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"ఎవురు కూచున్నారిక్కడ?"

ఆమె చెప్పింది. ఏదీ దాచకుండా, అంకమ్మ ఎక్కిన బస్సుతో సహా చెప్పింది. ఆచారి అరవలేదు. చొక్కా కూడా విప్పకుండా గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. ఉన్నట్టుండి ఆయన చాలా ముసలివాడిలా కనిపించాడు. ఆమెకు జాలి వేసింది.

"ఏం పని చేసినావే. పలక యాడపోయిందని కృష్ణయ్య రాకుండా ఉంటాడా? కరిగించింది ఎవురంటే ఏం చెప్పేది? అంగడి నాది, కుంపటి నాది. ఆడది చేసిందంటే నమ్ముతారా?"

సరస్వతి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఎప్పటిలా వెనక గదిలోకి పోలేదు. ఆయన ఎదురుగా, అదే పీట మీద కూర్చుంది.

"నేనేనని చెప్పండి" అంది. "ఇన్నేండ్లూ నేను చేసినవన్నీ మీ పేరు మీద పోయినాయి. ఇదొక్కటి నా పేరు మీద ఉండనీండి."