ఏసురత్నం మాస్టారి పెళ్లికారు

ఏసురత్నం మాస్టారు మనవరాలి పెళ్లికి తను కొత్త చొక్కా కుట్టించుకోలేదు గానీ, అంబాసిడర్‌కి మాత్రం కొత్త సీటు కవర్లు వేయించారు. కొడుకు స్టీవెన్ పెళ్లి చేసుకుని కోడల్ని తెచ్చింది ఆ కారులోనే. మనవరాలు జాయిస్ పుడితే ఆస్పత్రి నుంచి తెచ్చిందీ అందులోనే. అలాంటప్పుడు జగ్గయ్యపేట నుంచి నందిగామ చర్చికి పెళ్లికూతురు ఇంకే కారులో వెళ్తుంది, మీరే చెప్పండి!

చిక్కల్లా ఒక్కటే. క్రిస్మస్ నుంచి కారుకి మాయరోగం పట్టుకుంది. కొంతదూరం గుర్రంలా పరిగెత్తడం, ఉన్నట్టుండి దగ్గి ఆగిపోవడం. మెకానిక్ సతీష్‌బాబు ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, పెట్రోలు పంపూ మార్చాడు. ఇక మార్చనిది మాస్టారినే. అయినా రోగం కుదిరితే ఒట్టు!

"దారిలో ఆగితే పరువు పోద్ది నాన్నా. వెనకాలే అద్దెకారు ఖాళీగా తెస్తా. ఇది ఆగిందో, జాయిస్ అందులోకి మారిపోద్ది," అన్నాడు స్టీవెన్. మాస్టారు సరేనన్నారు. అన్నారే గానీ మనసొప్పలేదు.

పెళ్లిరోజు పొద్దున్నే బయల్దేరారు. స్టీరింగు ముందు మాస్టారు, వెనకసీట్లో జాయిస్, పక్కన మాస్టారి భార్య దేవమణమ్మ. చిల్లకల్లు దాటాక కాస్త దూరం పోయారో లేదో, కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. హైవే పక్కన చతికిలబడింది.

"ఈ డొక్కుని పాతసామానోళ్లకి ఇచ్చెయ్యమని నెత్తీనోరూ బాదుకున్నా! వింటేనా ఈ మనిషి!" దేవమణమ్మ అందుకుంది.

స్టీవెన్ అప్పటికే అద్దెకారు తలుపు తీసి నిలబడ్డాడు. జాయిస్ తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగబోయింది. అది చూసి మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఒక్క నిమిషం ఉండమ్మా," అంటూ, ఆగినప్పుడల్లా చేసే పనే చేశారు. పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో చచ్చింది కాబట్టి, తొంగి చూద్దామని ట్యాంకు మూత తిప్పారు. ఉస్సుమంది.

ఆ చప్పుడు ఇంతకుముందూ విన్నారు, ఎండవేడి అనుకుని వదిలేశారు. ఈసారి చెయ్యి ఆగింది. ఆగిన ప్రతిసారీ మూత తీశాకే కదా బండి కదిలింది! కాసేపు నిలబెడితే అలుపు తీరి కదులుతోందనుకున్నారు ఇన్నాళ్లూ.

మూత తిరగేసి గోటితో గీకారు. వాషరు అనుకున్నది చటుక్కున ఊడొచ్చింది. మురికిపట్టి నల్లబడ్డ ప్లాస్టిక్ కవరు ముక్క, గుండ్రంగా కత్తిరించి ఉంది. దాని కింద, గాలి పోవడానికి మూతకున్న సన్నని బెజ్జం కనిపించింది.

"ఎవరే ఇది పెట్టింది?"

దేవమణమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "నేనేనండీ," అంది నీళ్లు నములుతూ. "క్రిస్మస్ ముందు ప్రార్థనకెళ్తే పట్టుచీరంతా పెట్రోలు కంపు. ఆవకాయ జాడీకి పెట్టినట్టే మూతలో బిగించా. వాసన పోయిందా లేదా?"

"వాసనా పోయింది, బండికి ఊపిరీ పోయింది! పెట్రోలు ఇంజన్లోకి వెళ్లేకొద్దీ ట్యాంకులోకి గాలి రావద్దూ? గాలి రాకపోతే పెట్రోలు ఎట్లా కదుల్తదే?" మాస్టారు కోపంగా అరవబోయి పగలబడి నవ్వేశారు.

తాళం తిప్పారు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. జాయిస్ దిగబోయినదల్లా లోపలికి జరిగి తలుపు ధడాల్న వేసుకుంది.

"డాడీ, ఆ కారు నువ్వెక్కు! నేను తాతయ్యతోనే వస్తా!"

ఇక చూడాలి ఆ పరుగు! అంబారుపేట వచ్చింది, పోయింది. కారు దగ్గలేదు, తుమ్మలేదు. నందిగామ వీధుల్లో మాస్టారు హారన్ మీంచి చెయ్యి తీస్తే కదా! అద్దెకారు ఎక్కడో వెనకపడింది. చర్చి వాకిట్లో కారు ఆగేసరికి జనమంతా చప్పట్లు.

దేవమణమ్మ ఆడపడుచు గ్రేసీ ఎదురొచ్చి గుసగుసగా అడిగింది. "దారిలో ఎక్కడన్నా ఆగిందా వదినా?"

దేవమణమ్మ పట్టుచీర సర్దుకుని, తల ఎగరేసి, చర్చి లోపలిదాకా వినబడేట్టు అంది.

"ఆగడమేంటి? మా కారు ఎప్పుడన్నా ఆగిందా!"