మేనమామ నాణేలకు మెరుగు

పళ్ళాయనకు ఆస్తి కలిసొచ్చిందంటే ముందు ఎవరూ నమ్మలేదు. పళ్ళాయనంటే పళ్ళ డాక్టరు కాదు, పొరబడకండి. పళ్ళ డాక్టరు ఆయన బావ, అంటే సొంత అక్క మొగుడు. బావ ముందు గదిలో ఏసీ కింద కూర్చుని జనం నోళ్ళు తెరిపించి చూస్తాడు. పళ్ళాయన వెనక గదిలో, ప్లాస్టరు దుమ్ములో, ఆ నోళ్ళకు కావలసిన కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మంది ఆయన చేసిన పళ్ళతోనే నములుతున్నారు, నవ్వుతున్నారు, ఇంట్లోవాళ్ళ మీద పళ్ళు నూరుతున్నారు. పేరు మాత్రం బావది. బయట బోర్డు మీద బావ పేరు, పళ్ళసెట్టు పెట్టి ఇచ్చే డబ్బా మీద బావ పేరు. ఒకసారి ఎవరింట్లోనో విందులో ఒక పెద్దమనిషి, పళ్ళాయన చేసిన పై వరస పళ్ళతో, పళ్ళాయన ఎదురుగానే నిలబడి, బావ హస్తవాసిని పావుగంట పొగిడాడు. పళ్ళాయన తలూపుతూ విన్నాడు. వింటూ ఆ పై వరస బాగా కుదిరిందని మనసులో తనే మెచ్చుకున్నాడు. అంతకంటే ఏం చేస్తాడు పాపం, నోట్లో నాలుక లేని మనిషి.

అలాంటి మనిషికి మేనమామ పోతూ పోతూ నాలుగు వందల పన్నెండు పాత నాణేలు రాసిచ్చి పోయాడు. ఆ మేనమామ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. జీతంలో తిండికి పోను మిగిలిందంతా పాత నాణేలకే తగలేశాడు. ఇంటికెవరైనా వస్తే సొరుగు లాగి చూపించేవాడు కానీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు పళ్ళాయన ఒక్కడే చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడట. వీలునామాలో కారణం అదే రాశాడు. అది చదివి అక్క మూతి మూడు వంకర్లు తిప్పింది.

ఇంక చూడండి, సలహాలు. వెండివన్నీ ఏరి కరిగిస్తే ఇద్దరికీ చెరో పళ్ళెం వస్తుందని అక్క లెక్క తేల్చింది. మొత్తం అమ్మేసి ఆ డబ్బుతో క్లినిక్కుకి కొత్త కుర్చీ కొందాం, అది మాత్రం మనందరిదీ కాదా అని బావ ఉదారంగా అన్నాడు. ఏం చేసినా ఫరవాలేదు, బీరువాలో ఆ అర ఖాళీ చేస్తే దుప్పట్లు సర్దుకుంటానని భార్య అంది. ముగ్గురూ కలిసి వారం రోజులు ఆయన బుర్ర తినేశారు. ఎనిమిదో రోజు పళ్ళాయన ఎవరికీ చెప్పకుండా, పూట సెలవు పెట్టి, మ్యూజియానికి వెళ్ళొచ్చాడు.

రెండు రోజుల్లో మ్యూజియం మేడమ్ ఇంటికే వచ్చింది. సన్నగా ఉంటుంది, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం. చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కో నాణెం అంచులు పట్టి ఎత్తుతూ రెండు గంటలు చూసింది. అందులో పందొమ్మిది నాణేల వరుస ఒకటి తన సర్వీసులో ఎక్కడా చూడలేదంది. తర్వాత అసలు మాట చెప్పింది.

"మీరు ఇస్తానంటే ఒక అద్దాల బీరువా మొత్తం వీటికే కేటాయిస్తాం సార్. పక్కన బోర్డు ఉంటుంది. పైన మీ మామయ్యగారి పేరు, కింద దాతగా మీ పేరు."

ఆ తర్వాత ఆవిడ చాలా చెప్పింది. పది రోజుల్లో తీసుకెళ్తామంది. అప్పటిదాకా ఉన్నవి ఉన్నట్టే ఉంచమంది, ఏమీ చేయొద్దని రెండుసార్లు అంది. పళ్ళాయన మనసు అప్పటికే బోర్డు దగ్గరుంది. అక్షరాలు పెద్దవా చిన్నవా, నల్లటివా బంగారు రంగువా అని తర్జనభర్జన పడుతోంది. ఏమీ చేయొద్దన్న మాట చెవిన పడకపోలేదు. దాన్ని మర్యాదకి అన్న మాటగా జమకట్టాడు. ఇంటికొచ్చిన చుట్టం 'నాకేం వద్దండీ' అంటే మనం కాఫీ ఇవ్వడం మానేస్తామా?

పైగా ఆయన వృత్తి ఉంది చూశారూ, అది ఊరుకోనివ్వదు. మెరుగు పెట్టని సెట్టు ఇరవై రెండేళ్ళలో ఒక్కటి ఆయన చేయి దాటి పోలేదు. ఆ నాణేలేమో నల్లగా, పచ్చగా, చిలుం పట్టి ఉన్నాయి. తన పేరు కింద, సారీ, తన పేరు పైన, ఆ మకిలి సరుకు పెడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? సరిగ్గా అప్పుడే బావ పళ్ళ డాక్టర్ల సభ అని మూడు రోజులు ఊరెళ్ళాడు. పళ్ళాయన నాణేలన్నీ సంచిలో వేసుకుని క్లినిక్కు వెనక గదికి చేరాడు.

ముందు పళ్ళసెట్లు నానబెట్టే మందులో నానేశాడు. తర్వాత మోటారు చక్రానికి గుడ్డ బిగించి, మెరుగు పెట్టే ప్యూమిస్ పొడి తడిపి, ఒక్కొక్కటే పట్టి రుద్దాడు. అబ్బ, ఏం దీక్ష! భోజనం కూడా నిలబడే కానిచ్చాడు. ఒక నాణేనికి ఎప్పుడో ఎవరో మెళ్ళో వేసుకోవడానికి చిల్లు పెట్టుకున్నారు. పుచ్చిన పన్ను పూడ్చినట్టు దానికి సిమెంటు పెట్టి నున్నగా గీకాడు. ఇంకోదాని అంచు విరిగితే పళ్ళసెట్టుకి వాడే గులాబీ రంగు చిగురు ముద్దతో అతికాడు. ఆ రంగొక్కటే కాస్త తేడాగా ఉందని తనకే అనిపించింది, కానీ దూరం నుంచి తెలియదులే అని సర్దుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం నాలుగు వందల పన్నెండు నాణేలూ బల్ల మీద తళతళలాడుతున్నాయి. ఊరి నుంచి తిన్నగా క్లినిక్కుకి వచ్చిన బావ గుమ్మంలో ఆగిపోయాడు. ఒకటి తీసి చూసుకుంటే అందులో తన మొహం కనిపించింది.

"నీ చేతిలో పనితనం ఉందోయ్," అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. పళ్ళాయనకు కళ్ళు చెమర్చాయి. మెచ్చుకోక మెచ్చుకోక బావ దేనికి మెచ్చుకున్నాడో చూశారా!

పదో రోజు మ్యూజియం మేడమ్ ఇద్దరు మనుషుల్నీ దూది పరిచిన పెట్టెల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. పళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంచాడు. ఆవిడ కూర్చోగానే గుడ్డ తీశాడు. ఆవిడ ఒకటి ఎత్తింది, తిప్పింది, దించింది. ఇంకోటి ఎత్తింది. గులాబీ చిగురున్న నాణెం దగ్గర చేయి ఆగిపోయింది.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే మేడమ్. ఒక్కణ్ణే," అన్నాడు పళ్ళాయన వినయంగా.

"ఇక్కడ రాజుగారికి ముక్కుండాలి సార్. చుట్టూ అక్షరాలుండాలి."

అప్పుడు చెప్పింది ఆవిడ, నెమ్మదిగా, కోపం లేకుండా. కోప్పడినా బాగుండేది. ఆ నలుపు మకిలి కాదని, మూడు వందల ఏళ్ళపాటు పట్టిన పొర అని, నాణెం అసలుదో నకిలీదో చెప్పే సాక్ష్యమదేనని. పందొమ్మిది నాణేల వరుసలో ఏది ఏదో ఇప్పుడు తనే చెప్పలేనంది. ఆవిడ వెంట వచ్చిన ఇద్దరూ ఖాళీ పెట్టెలు ఎత్తుకుని బయటికి నడిచారు. పళ్ళాయన మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మేనమామ కడుపు మాడ్చుకుని కూడబెట్టినదాన్ని చేతులారా తుడిచేశానే అని ఆ పూటంతా కుమిలిపోయాడు. అక్క మాత్రం వెంటనే పళ్ళేల సంగతి మళ్ళీ ఎత్తింది.

వారం తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. వాళ్ళ పెద్దాయనతో మాట్లాడిందట. నాణేలు తీసుకుంటారట, అయితే పెద్ద హాల్లోకి కాదు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే గదిలో, పాత నాణేలను ఎలా పాడుచేయకూడదో చూపించడానికి. బోర్డు మీద జరిగింది జరిగినట్టు రాస్తారట. మీకు ఇబ్బంది కాబట్టి పేర్లేవీ వేయం లెండి అని ఆవిడే మర్యాదగా అంది.

ఆలోచించుకుని చెబుతానని పళ్ళాయన ఫోన్ పెట్టేశాడు. పేరు వేయించుకుంటే ఏమంటారని ఇంట్లో అడిగాడు. పేరు వేస్తే బంధువుల్లో తలెత్తుకు తిరగలేమని భార్య మొత్తుకుంది. నలుగురూ నవ్విపోతారని అక్క అంది. పైగా క్లినిక్కు పరువు కూడా పోతుంది, నా మాట విని వద్దను అని బావ గట్టిగా చెప్పాడు. ముగ్గురి మాటా విని పళ్ళాయన లేచి వెళ్ళి ఫోన్ తీశాడు.

"మామయ్య పేరు వేయకండి మేడమ్. ఆయన వాటినేమీ చేయలేదు. చేసిందంతా నేనే. నా పేరు వేయండి."

పేరు చెప్పమంది మేడమ్. ఇంటిపేరుతో సహా ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. రాసుకున్నది ఒకసారి చదివి వినిపించమని అడిగాడు.