కప్లింగు అవతల

కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగు షెడ్డులోకి చెప్పులతో వస్తే గవర్రాజు ఊరుకోడు. రేవు యార్డులోని ఖనిజం దుమ్ము అడుగులకు అంటుకొస్తుంది. అది రాగితీగల మధ్య దూరిందంటే మోటారు బతకదు. అందుకే తన చెప్పులూ గడప బయటే. పాత కన్వేయరు బెల్టు కోసి తనే కుట్టుకున్నవి, ఒక పట్టాన అరగవు. ఆ ఉదయమూ వాటిని అక్కడే విడిచి, వార్నీషు పూసిన మోటారును పెద్ద బల్బులు వెలిగించిన రేకు పెట్టెలో ఆరబెడుతున్నాడు. ఏళ్లనాటి వార్నీషు వేళ్ల సందుల్లో పసుపుగా గట్టిపడింది. అన్నం తిన్నా అదే వాసన.

మనసు మాత్రం పని మీద లేదు. ఓడకు ఖనిజం మోసే బెల్టు మోటారును రెండోసారి చుట్టి ఇచ్చి వారమైంది. ఈసారి కాలితే మర్నాటి నుంచి రావద్దని కంట్రాక్టరు ఇంజనీరు నలుగురిలో చెప్పాడు. తన చుట్టులో తప్పు లేదని గవర్రాజుకు తెలుసు. ఎవరితో చెప్పుకుంటాడు? మోటారునూ గేరుపెట్టెనూ కలిపే కప్లింగుకు ఇవతల వైండింగు వాళ్ల హద్దు, అవతల ఫిట్టర్ల హద్దు. ఒకరి హద్దులో ఒకరు వేలు పెట్టరు. జబ్బుకు ఆ మర్యాద తెలియదు కదా.

మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా బెల్టు దగ్గరికి నడిచాడు. మోటారు మీద చెయ్యి వేస్తే జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. బెల్టు కాసేపు ఆగాక కప్లింగు మూత ఎత్తి చూశాడు. అదురు ఆపే రబ్బరు బుష్‌లు ఉండాల్సిన చోట పాత బెల్టు ముక్కలు కుక్కి ఉన్నాయి, ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. ఆ కుదుపు బేరింగును తినేస్తుంది. బేరింగు పోతే లోపల తిరిగేది పక్కకు ఒరిగి తీగలను రాసుకుంటుంది. ఇక కాలక ఏం చేస్తుంది?

ఆ ముక్కలు కుక్కింది పక్కనే ఉన్న ఫిట్టరు నీలకంఠం, గవర్రాజు అక్క పైడితల్లి మొగుడు.

"ఏటి బావా ఇది?"

"స్టోరులో బుష్‌లు నేవు. ఓడ నిలబడి ఉంటే బెల్టు ఆపమంటావేటి?" నీలకంఠం గొంతు తగ్గించాడు. "నువ్వు సెప్తే నా ఉద్యోగం పోద్ది. మీ అప్ప రోడ్డున పడతాది. తర్వాత నీ ఇష్టం."

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. గవర్రాజు మూత మూసి వచ్చేశాడు.

పొద్దు వాలకముందే మోటారు పొగలు కక్కింది. ఇంజనీరు షెడ్డు దాకా వచ్చి, చుట్టడం చేతకానివాడికి కూలెందుకన్నాడు. వెనకే నిలబడ్డ నీలకంఠం చేతిలోని స్పానరునే చూస్తున్నాడు. బావ ఒక్క మాట అంటాడేమోనని గవర్రాజు కడదాకా ఆశపడ్డాడు, పిచ్చివాడు. బల్బులు ఆర్పి, గడప దాటి, ఉత్త కాళ్లతోనే ఆ ఎర్రటి ఖనిజం దుమ్ములో గేటు వైపు వెళ్లిపోయాడు.

వేరే మోటారు తెచ్చి బిగించారు. కప్లింగులో పాత ముక్కలు నుగ్గయిపోయాయి. బెల్టు ముక్క కోసం వెతుకుతూ షెడ్డుకొచ్చిన నీలకంఠం గడప దగ్గర చెప్పులు చూసి ఆగాడు. అటూ ఇటూ చూసి, కత్తి తీశాడు. చీకటి పడేవేళకు బెల్టు తిరిగింది, తెల్లారేసరికి ఓడ నిండింది.

గడప బయట, గవర్రాజు మడమ పల్లంతో, ఒంటి చెప్పు మిగిలింది.