సున్నా మీదుగా వెళ్ళిన గీత

ఇంగ్లండులోని లీడ్స్‌లో తెలుగు పిల్లల శనివారం లెక్కల క్లాసు కోసం అచ్చేసిన పుస్తకంలో ప్రతి పాఠం రాసిందీ, ప్రతి గ్రాఫూ గీసిందీ కిరణ్మయే, అట్ట మీద రచయిత పేరు మాత్రం భర్త భానుప్రకాష్‌ది.

రెండేళ్ళుగా కుక్కర్ విజిళ్ళ మధ్య వంటింటి బల్ల మీద రాసి, గీసినవి. నెల్లూరులో ఎనిమిదేళ్ళు లెక్కల టీచరుగా చేసిన మనిషి ఆమె. ఆ పుస్తకం రాసినవాళ్ళనే సెప్టెంబరు నుంచి క్లాసుకి హెడ్ టీచరుగా పెడతామని కమిటీ అంటోంది. మళ్ళీ బోర్డు ముందు నిలబడే దారి అదొక్కటే. అట్ట మీద తన పేరు వేయమని అడిగితే అతను లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. "నీ పేరేస్తే ఎవరు చేరతారే? ఇక్కడి డిగ్రీ కాదుగా నీది." అత్తగారు వెంకటరమణమ్మ అందుకుంది. "పాఠం చెప్పేది వాడమ్మా. నువ్వు గీతలేగా గీసేది."

"శనివారం పేరెంట్స్ ముందు డెమో. గ్రాఫ్ చూసి ఇన్‌ఈక్వాలిటీ రాయడం. కొత్తదొకటి గీసివ్వు," అన్నాడు భానుప్రకాష్.

అతనికి తెలిసింది ఒకే కిటుకు, అదీ ఆమె జవాబుల పేజీలోంచి బట్టీ పట్టినదే: గీతకి ఏ పక్క ఎక్కువో, ఏ పక్క తక్కువో తేల్చడానికి ఎక్స్‌కి, వైకి సున్నా, సున్నా వేసి చూడటం. ఎందుకో ఏనాడూ అడగలేదు. ఏ గ్రాఫ్ ఇవ్వాలో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

శనివారం హాలు నిండింది. తెర మీద సున్నా గుండా పైకెక్కే చుక్కల గీత, దాని కింది సగానికి రంగు.

"సింపుల్. గీత వై ఈక్వల్స్ టూ ఎక్స్. ఏ పక్కో తెలియడానికి సున్నా, సున్నా వేద్దాం." వేశాడు. అటూ సున్నా, ఇటూ సున్నా. చెరిపి మళ్ళీ వేశాడు.

"అంకుల్, దట్ పాయింట్ ఈజ్ ఆన్ ద లైన్," అంది ముందు వరసలో కూర్చున్న పిల్ల నిఖిత.

"కానివ్వవయ్యా, నువ్వు రాసిన పుస్తకమేగా," అన్నాడు కమిటీ పెద్ద రామమోహనరావు.

భానుప్రకాష్ 'గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్' గుర్తు పెట్టాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. చుక్కల గీతకి ఈక్వల్ రాదని పుస్తకం మూడో పేజీలోనే ఉంది. అతను వెనక టీ బల్ల దగ్గరున్న భార్యకేసి చూశాడు. ఉప్పు డబ్బా కనపడనప్పుడు చూసే చూపు. పెళ్ళయిన నాటి నుంచి ఆ చూపుకి ఆమె పరుగెత్తుతూనే ఉంది. ఇవాళ నింపాదిగా టీలో పాలు కలుపుకుంది.

"గీత మీద లేని చుక్క ఏదైనా తీసుకోవచ్చండీ. ఎందుకో మాత్రం రాసినాయనే చెప్పాలి," అంది.

రామమోహనరావు కళ్ళజోడు తీశాడు. "భానూ, ఈ పుస్తకం ఎవరు రాశారు?"

"కిరణ్మయి, అంకుల్. మొత్తం తనే. నాకు జవాబులు తెలుసు, లెక్క తెలీదు. నా పేరు వేసుకునే ముందు తనని అడగలేదు. అడిగితే కాదంటుందన్న భయంతో కాదు... ఇంట్లో వస్తువు వాడుకోడానికి అడగడమేంటి అనుకున్నాను."